రెండు లండన్‌ల మధ్య దూరం

జూన్ నెలలో ఖతార్ వెళ్తున్నానంటే మా బాపట్లలో నన్ను ఎవరూ వద్దనలేదు. ఎందుకంటే అక్కడి ఎండ సంగతి వాళ్ళకి తెలియదు. దోహాలో దిగాక మాత్రం కనిపించిన ప్రతి తెలుగు మనిషీ ఒకే ప్రశ్న అడిగాడు: "ఇప్పుడొచ్చారేంటండీ?" డబ్బున్నవాళ్ళు, సెలవు దొరికినవాళ్ళు, పిల్లలకి పరీక్షలు అయిపోయినవాళ్ళు అందరూ ఊరు ఖాళీ చేసి చల్లటి దేశాలకి ఎగిరిపోయే నెల అది. అందరూ వెళ్ళే వైపు విమానాలు కిటకిటలాడుతుంటే నేనెక్కిన బొంబాయి విమానంలో సగం సీట్లు ఖాళీ. మూడు సీట్లు కలుపుకొని కాళ్ళు చాపుకొని వెళ్ళాను. జీవితంలో మొదటి విమాన ప్రయాణం అలా రాజభోగంగా జరిగింది.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భూగోళం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఎడారుల గురించి అన్నేళ్ళు చెప్పిన మనిషిని, బాపట్ల సముద్రపు ఒడ్డున తప్ప ఇసుక దిబ్బ అన్నది చూడలేదు. మా తమ్ముడు మురళి దోహాలో విమానం టికెట్లు అమ్మే ఆఫీసులో గుమాస్తా. వేసవి వాడికి ఊపిరాడని కాలం. అందుకే ఏటా "ఈ ఏడు రాలేను అక్కయ్యా" అని ఫోను చేసేవాడు. నాకు విసుగొచ్చి, "సరే, నేనే వస్తా, వీసా పంపు" అన్నాను. మాటవరసకి అన్నాననుకుని నవ్వాడు. తరువాత నవ్వలేదు.

ఉమ్ ఘువైలినా

విమానం తలుపు తీయగానే మొహం మీద కొట్టిన గాలి ఇంజను నుంచి వస్తోందనుకున్నాను. మెట్లు దిగి చాలా దూరం నడిచాక కూడా అదే గాలి. "ఇంజను కాదక్కయ్యా, ఊరే అంత" అన్నాడు మురళి నా పెట్టె అందుకుంటూ.

వాళ్ళ ఫ్లాటు ఉమ్ ఘువైలినాలో. కింద ఒక పాకిస్తానీ దర్జీ, పక్కన మలయాళీ కిరాణా, ఎదురుగా ఇరానీ రొట్టెల బట్టీ. విమానాశ్రయం దగ్గరే కనుక ఇంటి మీద నుంచి విమానాలు పోతూనే ఉంటాయి. మా మరదలు పద్మ మాట మధ్యలో విమానం వస్తే ఆగి, అది పోయాక అదే మాట దగ్గర అందుకుంటుంది. అలవాటు లేని నేను మొదటి రెండు రోజులూ ఆమెకి నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను.

దిగిన మర్నాడే ఒక ఘనకార్యం చేశాను. నా గడియారం మన దేశపు టైములోనే నడుస్తోంది. అక్కడ రెండున్నర గంటలు వెనక. ఆ సంగతి పిల్లలకి ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో! కానీ గడియారం చూడగానే అలవాటుగా లేచి, కాఫీ పెట్టి, చీపురు పట్టుకుని, పాటలు కూడా అందుకున్నాను. మురళి కళ్ళు నులుముకుంటూ వచ్చి, "భూగోళం టీచరమ్మగారూ, మాకింకా రాత్రే" అని మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

అక్కడ వారం శనివారంతో మొదలవుతుంది, శుక్రవారంతో ముగుస్తుంది. ఒక రియాలుకి కాగితంలో చుట్టి ఇచ్చే వేడి వేడి రొట్టెలు ఇద్దరం తినలేకపోయాం. అదే రియాలుకి కరివేపాకు మాత్రం నాలుగు రెబ్బలు. రియాలంటే దాదాపు పది రూపాయలు! మా ఊళ్ళో కూరలు కొంటే బుట్టలో ఊరికే పడేసే కరివేపాకు. నేను ఆ కొట్టువాడితో తెలుగులోనే పోట్లాడాను. వాడు మలయాళంలో నవ్వాడు. ఆ తరువాత పద్మ నన్ను కిరాణాకి పంపలేదు.

ఫరీజ్ బిన్ మహమూద్

ఇంట్లో కూర్చుని ఏం చేస్తానని, నాలుగో రోజు నుంచి మురళితో పాటు వాడి ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఫరీజ్ బిన్ మహమూద్‌లో పాత అపార్ట్‌మెంటు కింద చిన్న గది. రెండు బల్లలు, చల్లటి గాలి, టీ తెచ్చే నేపాలీ కుర్రాడు, గోడ నిండా ప్రపంచ పటం. ఆ పటం చూడగానే నాకు పుట్టింటికి వచ్చినట్టయింది.

ఆఫీసుకి వచ్చేవాళ్ళలో సగం మంది అరబ్బుల ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళు. యజమానుల కుటుంబాల టికెట్లు తీసుకెళ్ళడానికి వస్తారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన డ్రైవర్ నర్సయ్య నాకు అక్కడే పరిచయం. మనిషి నల్లగా పొడుగ్గా ఉంటాడు, గొంతు దర్వాజా బయటికి వినిపిస్తుంది.

"యాడికి నర్సయ్యా ఈసారి టికెట్లు?" అని అడిగాడు మురళి.

"లండన్ సార్. మా అర్బాబు లండన్, వాళ్ళ తమ్ముడు లండన్, పక్కింటోళ్ళు సుత లండనే. ఎండకాలమొస్తే అందరు లండనే పోతరు."

మురళి నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అర్బాబంటే యజమాని. ఆయనదొక్కటే లండన్ అక్కయ్యా, పక్కింటివాళ్ళది వియన్నా. తమ్ముడిది స్పెయిను. వీళ్ళ దృష్టిలో సముద్రం దాటి చల్లగా ఉన్న ఊరు ఏదైనా లండనే."

నాకు నవ్వొచ్చింది. "అదేంటి నర్సయ్యా, అన్నీ లండన్ ఎలా అవుతాయి?" అన్నాను.

"ఏమో టీచరమ్మా. మా ఊరోళ్ళను అడుగు, నర్సిగాడు దుబాయ్‌ల ఉన్నడంటరు. నేను దుబాయ్ మొఖమే చూడలే. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా, గదేనే, దుబాయ్‌ల ఖతర్ అంటరు." నర్సయ్య పెద్దగా నవ్వాడు. "వాళ్ళకు మాది దుబాయ్, మాకు వీళ్ళది లండన్. మాఫీ ముష్కిల్!"

'ఏం ఫరవాలేదు' అని ఆ అరబ్బీ మాటకి అర్థమట. నర్సయ్యకి ఏ మాట చివరైనా అదే పడుతుంది.

అతనితో పాటు ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. నల్లటి గౌను మీద తలకి ఓణీ చుట్టుకున్నా, నుదుటి బొట్టు చూసి మన పిల్లే అనుకున్నాను. పేరు వెంకటలక్ష్మి, ఊరు అమలాపురం దగ్గర. నర్సయ్య డ్రైవరుగా ఉన్న ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటుంది. యజమానురాలితో పాటు తనూ లండన్ వెళ్తోంది. తన టికెట్టు కాగితం రెండు చేతులతో పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"చదివి పెట్టండి టీచరమ్మగారూ. లండనేనాండీ?"

చదివాను. లండనే. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "మా మావ కూడా లండనేనండి ఈ ఏడు!"

"మావ ఎవరమ్మా?"

"మా ఆయనండి. కువైట్‌లో వంట చేస్తాడండి. ఆయన చేత్తో వండితేనే గాని వాళ్ళింట్లో ముద్ద దిగదండి. అందుకని ఏటా లండన్ తీసుకెళ్తారు. పోయినేడు మా మామా వెళ్ళలేదండి. ఈ ఏడే ఇద్దరికీ కుదిరిందండి."

మావ ఎవరు, మామా ఎవరు అని నేను తికమక పడ్డాను. మామా అంటే యజమానురాలట. గల్ఫ్ ఇళ్ళలో పనివాళ్ళందరూ అమ్మగారిని మామా అని, అయ్యగారిని బాబా అని పిలుస్తారు. మావ అంటే గోదావరి వైపు మొగుడు. "ఒకే బుర్రలో ఇద్దర్నీ ఎలా పెట్టుకున్నావే తల్లీ" అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది.

పెళ్ళయి అయిదేళ్ళు. కలిసి ఉన్నది ఏడాదిన్నర. ఇల్లు కట్టుకుందామని ముందు అతను వెళ్ళాడు, తరువాత ఈమెకీ వీసా వచ్చింది. ఆమెకి సెలవు దొరికినప్పుడు అతనికి దొరకదు, అతనికి దొరికితే ఆమెకి దొరకదు. అలా మొగుడి మొహం చూసి మూడేళ్ళయింది. ఫోనులో మాత్రం నెలకోసారి మాట. "లండన్‌లో కలుద్దాం" అని ఏడాదిగా అనుకుంటున్నారు. ఆ మాట మీదే ఏడాది గడిపిందా పిల్ల.

"పోయినేడు లండన్‌లో తీయించుకున్నాడండి" అంటూ సంచిలోంచి ఫోటో తీసి చూపించింది. మీసాలున్న బక్కపలచటి కుర్రాడు, సత్తిబాబు అట, కోటు వేసుకుని చెరువు గట్టున నిలబడ్డాడు. వెనక నీళ్ళ మధ్యలోంచి ఆకాశమంత ఎత్తు ఎగజిమ్ముతున్న ఫౌంటెను. ఆ వెనక మంచు కొండలు.

నా నోటికి అదుపు తక్కువ. "ఇది లండన్ కాదే!" అనేశాను. "లండన్‌లో మంచు కొండ ఎక్కడుంది? ఇది జెనీవా. స్విట్జర్లాండు. వేరే దేశం."

ఆ పిల్ల ఫోటో వైపు చూసింది, నా వైపు చూసింది. "లండన్లు రెండున్నాయాండీ?" అంది చాలా నెమ్మదిగా. ఆ ప్రశ్నకి నాకు నవ్వు రాలేదు. 

మురళి కువైట్‌లో తనకి తెలిసిన ఆఫీసుకి ఫోను చేసి కనుక్కున్నాడు. సత్తిబాబు యజమానులది జెనీవాయే. లండన్ కాదు.

గోడ మీద పటం

వెంకటలక్ష్మి ఏడవలేదు. లేచి పటం దగ్గరికి వచ్చింది. "ఎంత దూరమండి ఆ లండన్‌కీ ఈ లండన్‌కీ?"

అదీ ప్రశ్న! ముప్పై ఏళ్ళలో ఒక్క పిల్ల కూడా నన్ను ఇంత అవసరంగా దూరం అడగలేదు. మురళి బల్ల మీది దారం ఉండ తీసుకుని, లండన్ నుంచి జెనీవాకి పట్టి తెంపాను. "ఇంత. కానీ గోడ పటంలో ఉత్తరాన ఉన్న దేశాలు సాగి కనిపిస్తాయి కనుక కొంచెం తగ్గించుకోవాలి" అని మొదలుపెట్టాను. మురళి నన్ను ఆపి లావుపాటి టైముల పుస్తకం తెరిచాడు.

"ఏడువందల యాభై కిలోమీటర్లు. లండన్‌లో పదింటికి బయలుదేరితే జెనీవాలో పన్నెండూ నలభైకి దిగుతారు. అక్కడ ఒంటిగంటన్నరకి బయలుదేరితే లండన్‌లో రెండూ పదికి."

నర్సయ్య వేళ్ళ మీద లెక్క పెట్టాడు. "పోవుడు రెండున్నర గంటల మీద, వచ్చుడు ముప్పావుగంట గూడ లేదా! అయితే నువ్వెందుకు పోతవ్ చెల్లే? ఆయననే రమ్మను. వచ్చుడే సులువు!"

"అవునండీ, దిగువకి వస్తుందేమోనండి" అంది వెంకటలక్ష్మి, ఆశ మళ్ళీ మొహంలోకి వచ్చింది.

దిగువకి రావడానికి అదేమన్నా గోదావరా! రెండు ఊళ్ళ గడియారాలకీ గంట తేడా అని, అటు వెళ్తే ఆ గంట కలుస్తుందని, ఇటు వస్తే తగ్గుతుందని, నిజంగా పట్టేది రెండు వైపులా గంటా నలభై నిమిషాలేనని నేను టీ గ్లాసులు అటూ ఇటూ జరిపి పాఠం చెప్పాను. నర్సయ్య తల ఊపాడు గాని నమ్మినట్టు లేదు. "గంట యాడికి పోతది టీచరమ్మా? ఎవడో తింటుండు" అన్నాడు.

గంటా నలభై నిమిషాలే. కానీ ఆ పిల్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది, ఆ దేశానికి వీసా లేదు, పిల్లల్ని వదిలి వెళ్ళనివ్వరు. అటునుంచి సత్తిబాబు పరిస్థితీ అంతే. మురళి అవన్నీ చెప్పి పుస్తకం మూశాడు.

వాళ్ళిద్దరూ వెళ్ళడానికి లేచారు. నా చేతిలో తెంపిన దారం అలాగే ఉంది. చేయి ఊరుకోక దాన్ని దోహా మీద పెట్టి కువైట్ వైపు లాగాను. దారం కువైట్ దాటిపోయింది. పటం సాగుడు లెక్క వేసుకున్నా దాటింది.

"మురళీ, కువైట్ ఎంత దూరంరా ఇక్కడికి?"

వాడు పుస్తకం చూడకుండానే, "అయిదువందల డెబ్బై. గంటా పావు అనుకో. గడియారం కూడా ఒకటే" అన్నాడు. అని, తనే ఆగిపోయాడు.

హైదరాబాదు నుంచి మద్రాసు వెళ్ళినంత దూరం. మూడేళ్ళుగా ఆ పిల్ల ఇక్కడ, ఆ కుర్రాడు అక్కడ. వాళ్ళు కలుసుకోవడానికి లండన్ దాకా వెళ్ళాలని చూస్తున్నారు.

"నీకు తెలియదా వెంకటలక్ష్మీ?" అన్నాను.

"మాకు బొంబాయి దారే తెలుసండి" అంది. "ఆయన బొంబాయి మీదుగా అటు వెళ్ళాడు, నేను బొంబాయి మీదుగా ఇటొచ్చాను. ఇటు నుంచి అటుకి దారుందని ఎవరూ అనలేదండి."

మెసైమీర్

ఆ శుక్రవారం మా అక్కాతమ్ముళ్ళకీ పద్మకీ మెసైమీర్‌లో ఉన్న వెంకటలక్ష్మి యజమానుల ఇంటికి భోజనానికి పిలుపొచ్చింది. భూగోళం టీచరమ్మని చూడాలని మామా ముచ్చటపడిందట. పెద్ద ప్రహరీ, లోపల ఖర్జూరం చెట్లు, వాటి కింద గదిలో నర్సయ్య మకాం. గుమ్మంలోనే చెప్పులు విడవడం మన ఇంటిలాగే ఉంది. నేల మీద తివాచీ, మధ్యలో పళ్ళెం, ఆ పళ్ళెంలో పెళ్ళి పంక్తికి సరిపోయేంత అన్నం. మసాలా అన్నం మీద పెద్ద చేప. ఎండు నిమ్మకాయ వేసి వండుతారు. మొదటి ముద్దకే నాకు నచ్చింది. రెండో ముద్దకి పద్మ నా వైపు చూసి, "వదినా, నెమ్మదిగా" అంది.

మామా నలభై ఏళ్ళ మనిషి, చేతులకి గోరింటాకు, మాట గట్టిగా ఉంటుంది. పనివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ వచ్చిన హిందీ ఆవిడది. పరీక్షలు రాసి పాసైన హిందీ నాది. నా హిందీ ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ హిందీ నాకు బాగానే అర్థమైంది. చివరికి నేను తెలుగులో చెప్తే వెంకటలక్ష్మి ఆవిడకి అరబ్బీలో చెప్పేలా ఒప్పందానికొచ్చాం.

అక్కడే పప్పులో కాలేశాను. ఆ పిల్ల మొగుడి సంగతి చెప్పబోయి, "జెనీవా" అనే మాటతో మొదలుపెట్టాను. మామా మొహం ఒక్కసారిగా మారిపోయింది. కిందటేడు ఎవరో పనిమనిషి ఐరోపాలో యజమానుల్ని వదిలి మాయమైందట. ఈ పిల్ల కూడా అలా వెళ్ళిపోతుందా అని ఆవిడ భయం. "నా ఇంట్లో నీకేం తక్కువైంది?" అని వెంకటలక్ష్మిని అడిగింది. ఆ పిల్ల తల వంచుకుంది. మురళి నా మోచేయి నొక్కాడు, ఇక చాలన్నట్టు.

నాకు ఆపడం చేతకాదు. ముందున్న పళ్ళెంలోంచి నాలుగు ఖర్జూరాలు తీసుకుని తివాచీ మీద పెట్టాను. "ఇది లండన్" అన్నాను, "ఇది జెనీవా." రెండింటి మధ్య జానెడు ఎడం. ఆ కిందుగా మరో రెండు. "ఇది దోహా, ఇది కువైట్." వాటి మధ్య జానెడు కూడా లేదు. లండన్, జెనీవా ఖర్జూరాలని పక్కకి తోసేశాను. "ఇవి వద్దు. ఆ అమ్మాయి మొగుడు ఇక్కడున్నాడు" అని కువైట్ మీద వేలు పెట్టాను. "అమ్మాయి ఇక్కడుంది. మూడేళ్ళు."

ఈ మాటలకి అనువాదం అక్కర్లేకపోయింది.

మామా ఆ ఖర్జూరాల మీదికి వంగి చూసింది. "కువైట్‌కి నేను పెళ్ళిళ్ళకి వెళ్తాను. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తాను" అంది. తరువాత వెంకటలక్ష్మి వైపు తిరిగి, "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది.

"నాకే తెలీదు మామా."

 మామా పక్కకి తోసేసిన జెనీవాని తీసి నోట్లో వేసుకుంది. గింజ పళ్ళెంలో వేసి, "యల్లా, కానీ, కువైట్ వాళ్ళ నంబరు తే" అంది.

ఆ సాయంత్రం కువైట్ యజమానురాలితో ఆవిడ ఫోనులో మాట్లాడిన మాటలు మాకు తెలియవు. కానీ నవ్వులు వినిపించాయి, తరువాత గదమాయింపులు, మళ్ళీ నవ్వులు. ఇద్దరికీ ఉమ్మడి చుట్టం ఎవరో తేలారట. చుట్టరికం దొరికాక పని సులువైపోవడం మన ఊళ్ళోనూ అంతే. కువైట్ ఆవిడ ఒకే ఒక అడ్డం చెప్పిందట: "వాడు రాకపోతే జెనీవాలో మాకెవరు వండుతారు?" చివరికి వాళ్ళ కుటుంబం ముందు వెళ్ళేలా, సత్తిబాబు దోహా మీదుగా రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళి వాళ్ళని కలిసేలా ఒప్పందం కుదిరింది. ఆ రెండు రోజులూ జెనీవాలో వాళ్ళు రొట్టెలు తిని బతకాలి. సత్తిబాబుకి ఖతార్ వీసా తేవడం బాబా వంతు.

కార్నిష్

ఆ తరువాత రోజులు చాలా మెల్లగా నడిచాయి. మామా వాళ్ళ లండన్ ప్రయాణం దగ్గరపడుతోంది. వీసా రాలేదు. పొద్దున వేళ ఆఫీసులో కూర్చుని ఫోను మోగినప్పుడల్లా నేనే ముందు ఎత్తుతున్నానని మురళి విసుక్కున్నాడు. వెంకటలక్ష్మి రోజూ నర్సయ్యతో ఏదో ఒక పని కల్పించుకుని వచ్చేది. వచ్చి, అడగకుండా నా మొహం చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

ఒక సాయంత్రం నర్సయ్య మా ఆడవాళ్ళని కార్నిష్‌కి, అంటే సముద్రపు గట్టు రోడ్డుకి, తీసుకెళ్ళాడు. సముద్రం అర్ధచంద్రాకారంలో ఉంటుంది. చెక్క పడవలు, వాటిలో ఉతికి ఆరేసిన లుంగీలు. ఉక్కపోతకి కళ్ళద్దాల మీద ఆవిరి పట్టి నాకు సముద్రమే కనపడలేదు. తుడుచుకుంటే కనిపిస్తుంది, రెండు అడుగులు వేస్తే మళ్ళీ మాయమవుతుంది. యాభై పైసలకి బెల్లం పాకంలాంటి చిక్కటి పాల టీ ఇచ్చాడు ఒక మలయాళీ. అక్కడ పైసల్ని దిర్హాంలు అంటారు. అంత ఉక్కలో అంత వేడి టీ తాగిన మూర్ఖులం మేమే అనుకుంటే, గట్టు పొడుగునా అందరి చేతుల్లోనూ అదే గ్లాసు.

"వస్తాడంటారా టీచరమ్మగారూ?" అంది వెంకటలక్ష్మి.

ధైర్యం చెప్పడం నాకు రాదు, నిజం చెప్పడమే వచ్చు. "నాకు దూరం తెలుసు గాని వీసాల సంగతి తెలియదమ్మా" అన్నాను. అని, ఆ పిల్ల చేయి పట్టుకున్నాను. చెమటతో తడిసిపోయి ఉంది.

నర్సయ్య వెనక నుంచి అందుకున్నాడు. "అస్తడు చెల్లే. నువ్వు ఫికర్ చెయ్యకు. నా రూమ్ ఊడ్చి పెట్టిన, కొత్త బెడ్‌షీట్ ఏసిన. రెండు దినాలు నేను దోస్తుల క్యాంపుల పండుకుంట. కూలర్ కొంచెం లొల్లి జేస్తది గంతే. మాఫీ ముష్కిల్!"

వెంకటలక్ష్మి ఓణీ మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నా అద్దాల ఆవిరిలో సరిగా కనపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ బాబా ఫోను చేశాడు. వీసా వచ్చింది. మురళి అప్పటికప్పుడు టికెట్టు రాశాడు: కువైట్ నుంచి దోహా, దోహా నుంచి జెనీవా. ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వమని అడిగి చదువుకున్నాను. నాకు కడుపు నిండినట్టయింది.

విమానాశ్రయం

సత్తిబాబుది సాయంత్రం వేళ విమానం. మా ఇంటి మీద నుంచే వెళ్తుందని మురళి చెప్పినా, ఇంట్లో కూర్చుని చూడటం నావల్ల కాలేదు. నర్సయ్య కారులో వెంకటలక్ష్మి పక్కన ఎక్కి కూర్చున్నాను. ఆ పిల్ల మామా ఇచ్చిన కొత్త చీర కట్టుకుంది. ఖతార్‌లో చీర కట్టుకోవడం అదే మొదటిసారట. కుచ్చెళ్ళు రెండుసార్లు జారిపోతే నేనే సర్దాను.

లోపల మనవాళ్ళే ఎక్కువ. టీవీలు, దుప్పట్లు, తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలతో ఊరికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళని సాగనంపేవాళ్ళు. వచ్చేవాళ్ళ కోసం నిలబడింది మాత్రం మేము కొద్దిమందిమే. విమానం దిగిందని బోర్డు మీద పడింది. వెంకటలక్ష్మి నా భుజం పట్టుకుంది. "గుర్తుపడతాడంటారా?" అంది. "నువ్వు గుర్తుపడతావా?" అన్నాను. "నడక చూస్తే చాలండి" అంది.

అన్నట్టే, నాకింకా మొహాలేవీ ఆనకముందే ఆ పిల్ల పట్టు బిగించింది. ఫోటోలో కన్నా బక్కపలచగా, పొట్టిగా, చేతిలో ఒక్క సంచితో సత్తిబాబు నడిచి వస్తున్నాడు. మమ్మల్ని చూసి నాలుగు అడుగుల దూరంలో ఆగిపోయాడు. ఈమె కదల్లేదు. అతను కదల్లేదు. మధ్యలో నేను నిలబడి ఉన్నానని ముందు నాతో, "నమస్కారమండి" అన్నాడు. నర్సయ్యకీ నమస్కారం పెట్టాడు. పెళ్ళానికి మాత్రం ఏం చెయ్యాలో తెలియక సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"బాగా వచ్చినవా తమ్మీ?" అన్నాడు నర్సయ్య.

సత్తిబాబుకి మాట దొరికింది. వెంకటలక్ష్మి వైపు తిరిగి, సంబరంగా చెప్పడం మొదలుపెట్టాడు. "గంటేనే! ఎక్కి కూర్చున్నామో లేదో జ్యూసిచ్చారు. అది తాగేలోపు మళ్ళీ బెల్టు పెట్టుకోమన్నారు. నేనింకా బొంబాయంత దూరం ఉంటాదనుకుని నిద్దరకి సిద్ధమైపోయానే. చూస్తే దోహా! గంటేనే లచ్చిమీ!"

అతను నవ్వుతున్నాడు. ఈమె కూడా నవ్వబోయింది. పెదాలు విచ్చుకున్నాయి గాని అక్కడే ఆగిపోయాయి.

"గంటేనా?" అంది.

"గంటేనే."

వెంకటలక్ష్మి రెండు అడుగులు వేసి అతని గుండె మీద పిడికిలితో ఒక్కటి వేసింది. అంతమంది చూస్తున్నారని కూడా చూసుకోలేదు. "గంట దూరంలో ఉండి మూడేళ్ళు ఎందుకు రాలేదు మావా?"

చెప్పడానికి అతనికి చాలా ఉన్నాయి. వీసా లేదనొచ్చు, పాస్‌పోర్టు తన దగ్గర లేదనొచ్చు, సెలవు ఇవ్వలేదనొచ్చు. అవన్నీ ఆ పిల్లకీ తెలుసు. సత్తిబాబు అవేవీ అనలేదు. సంచి కింద పెట్టేసి, ఆమె పిడికిలి అలాగే తన గుండెకి అదిమి పట్టుకున్నాడు.

"తెలీలేదే," అన్నాడు. "ఇంత దగ్గరని మాకెవరూ చెప్పలేదే."